కుక్క గిన్నెలో ఏముండాలి?

మన ఇళ్లలో కుక్కకు పెట్టే తిండి చాలావరకు రెండు రకాలు. ఒకటి పాలన్నం, పెరుగన్నం. రెండోది చికెన్ షాపు నుంచి తెచ్చిన మెడలు, కాళ్లు, తోలు వేసి ఉడికించిన అన్నం. వీటికి ఇప్పుడు ప్యాకెట్ తిండి తోడైంది. ఏది మంచిదని అడిగితే ఇంటికో మాట. కుక్క తోడేలు జాతిది కాబట్టి పచ్చిమాంసమే పెట్టాలంటారు కొందరు. మనం తినేదే దానికీ చాలంటారు ఇంకొందరు. కుక్క శరీరం ఈ రెండు మాటల్నీ ఒప్పుకోదు.

తోడేలు కాదు

స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ ఆక్సెల్‌సన్ బృందం 2013లో ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ ఎంజైమును తయారుచేసే జన్యువు తోడేళ్లలో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని అందులో తేలింది. మనిషి పంచన చేరి, అతను పారేసిన మెతుకులు తిని బతికిన తరాలు కుక్క పేగుల్ని అలా మార్చాయి. అందుకే అన్నమైనా రొట్టె అయినా కుక్కకు బాగానే అరుగుతుంది. కాకపోతే దాని అమైలేజ్ లాలాజలంలో కాక క్లోమంలో తయారవుతుంది కాబట్టి, గింజల్ని మెత్తగా ఉడికించి పెట్టాలి.

మనిషీ కాదు

విటమిన్-సిని కుక్క కాలేయమే తయారుచేసుకుంటుంది. విటమిన్-డి మాత్రం ఎంత ఎండలో తిరిగినా దాని చర్మంలో సరిపడా తయారవదు, తిండిలోనే రావాలి. తల్లిపాలు మానేశాక పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గుతుంది. అందుకే చాలా కుక్కలకు పాలు పోస్తే విరేచనాలవుతాయి. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గి ఉంటుంది కనుక అది మేలు.

అసలు లోటు మాంసకృత్తుల దగ్గర వస్తుంది. అమెరికాలో జంతువుల తిండికి ప్రమాణాలు రూపొందించే ఆఫ్కో సంస్థ ప్రకారం, తేమ తీసేసి లెక్కిస్తే, ఎదిగిన కుక్క తిండిలో కనీసం 18 శాతం, పిల్లల తిండిలో 22.5 శాతం మాంసకృత్తులుండాలి. బియ్యంలో ఉండేది 7, 8 శాతమే. దాని మీద రెండు చెంచాల పెరుగు వేసినంత మాత్రాన ఈ తేడా పూడదు. కుక్క కడుపు నిండుతుంది, తోక ఊపుతుంది, కానీ కండ, బొచ్చు, రోగాన్ని తట్టుకునే శక్తి మెల్లగా తగ్గుతూ వస్తాయి.

ఎదిగే ఎముకలు

పోషణ లోపం వల్ల ఎక్కువగా నష్టపోయేవి కుక్కపిల్లలు. ఎముకలు తీసేసిన మాంసంలో కాల్షియం కన్నా భాస్వరం పది రెట్లకు పైగా ఉంటుంది. పిల్లకు కావలసింది భాస్వరంతో సమానంగానో, అంతకన్నా కొంచెం ఎక్కువగానో కాల్షియం. ఒట్టి మాంసం, అన్నం మీద పెరిగే పిల్ల రక్తంలో కాల్షియం తగ్గకుండా చూడటానికి శరీరం దాని ఎముకల్లోంచే లాగేస్తుంది. కాళ్లు వంకరపోతాయి, కొంచెం ఎత్తు నుంచి దూకినా ఎముక విరుగుతుంది.

అలాగని చేతికొచ్చినంత కాల్షియం టానిక్కు పట్టడం ఇంకో ప్రమాదం. కుక్కపిల్లల పేగులు అవసరం మేరకే కాల్షియాన్ని పీల్చుకుని మిగతాది వదిలేయలేవు. గ్రేట్ డేన్ లాంటి భారీ జాతుల్లో అది ఎక్కువైనా ఎముకలు, కీళ్లు వికృతంగా పెరుగుతాయి. ఈ జాతుల పిల్లలకు పెద్ద జాతి పిల్లల కోసమే తయారైన తిండి పెట్టాలి. టానిక్కు కావాలో వద్దో పశువైద్యుడు చెప్పాలి.

ప్యాకెట్ మీద చూడాల్సినవి

ముందు చూడాల్సిన మాట ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’. తర్వాత అది ఏ వయసు కుక్కలకని రాశారో చూడాలి. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది పూటకు సరిపోయే తిండి కాదు, చిరుతిండి.

ఇక అంకెలు. గోళీల్లాంటి పొడి తిండిలో మాంసకృత్తులు 22 శాతం, తేమ 10 శాతం అనుకుందాం. తడి తిండిలో మాంసకృత్తులు 8 శాతం, తేమ 80 శాతం. చూపుకు మొదటిదే గొప్ప. కానీ నీళ్లు తీసేస్తే మొదటిదానిలో 90 భాగాలకు 22, అంటే 24 శాతం. రెండోదానిలో 20 భాగాలకు 8, అంటే 40 శాతం. తేమ తీసేయకుండా రెండు ప్యాకెట్లను పోల్చకూడదు.

ఇంట్లో వండి పెట్టడం తప్పేమీ కాదు. అయితే 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కుక్కల కోసం పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికే 200 వంటకాలను పరిశీలిస్తే, 95 శాతం వంటకాల్లో కనీసం ఒక ముఖ్యమైన పోషకం తక్కువైంది. కాబట్టి వండేవాళ్లు మాంసం, గుడ్డు, గింజలు, నూనె, ఖనిజాలు ఎంతెంతో పశువైద్యుడి చేత రాయించుకుని, ఆ కొలత తప్పకూడదు.

ఎంత పెట్టాలి?

48 లాబ్రడార్లను జీవితాంతం గమనించిన ఒక అధ్యయనం 2002లో వెలువడింది. వాటిని జతలుగా చేసి, ప్రతి జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. కీళ్లవాతం కూడా తక్కువ తిన్నవాటికి ఆలస్యంగా వచ్చింది.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 10 కిలోల ఇంటి కుక్కకు రోజుకు సుమారు 600 కేలరీలు చాలు. టీ బిస్కెట్టు ఒక్కోటి సుమారు 25 కేలరీలు. ఇంట్లో నలుగురూ తలా రెండు పెడితే మూడో వంతు అక్కడే అయిపోతుంది. చిరుతిళ్లు పదో వంతు దాటకూడదు.

వంటింటి విషాలు

ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. ఉడికించినా ఆ గుణం పోదు. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకూడదు. ద్రాక్ష కిడ్నీలను దెబ్బతీయడానికి కారణం టార్టారిక్ ఆమ్లమని అమెరికా పశువైద్యులు ఇటీవల ప్రతిపాదించారు. మన చింతపండు పులుపూ ఆ ఆమ్లానిదే. చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు దెబ్బతిన్న కేసులను వాళ్లు నమోదు చేశారు. అంటే పులిహోర, పులుసు, చారన్నం ప్రేమతో పెట్టినా కుక్కకు చేటే. వండిన ఎముకలు పెళుసుగా విరిగి పేగుల్ని చీలుస్తాయి.

తిండి మార్చాలంటే వారం, పది రోజుల్లో పాతది తగ్గిస్తూ కొత్తది పెంచాలి. రెండు వారాలకోసారి పక్కటెముకల మీద చెయ్యి వేసి చూడండి. గట్టిగా నొక్కకుండానే వేళ్లకు తగలాలి, కానీ కంటికి బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపించకూడదు. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. ఎంత ఆత్రంగా తింటోందన్నది చూసి గిన్నె నింపకండి. దాని ఒళ్లు చూసి నింపండి.