‘ఆసరా’ లెక్క ఇదీ!
పింఛనుదారుల సంఖ్య, వ్యయం ఎందుకు పెరిగాయంటే..

జనగామ: పింఛను వచ్చే రోజున తపాలా కార్యాలయం ముందు బారులు తీరే వృద్ధులు, వితంతువులు, వికలాంగులు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో కనిపిస్తారు. పనిచేసే ఓపిక లేని వారికి మందులకైనా, ఉప్పు పప్పులకైనా ఆ సొమ్మే దిక్కు. పింఛన్ల వ్యయం పెరిగిందన్న మాట తరచూ వినిపిస్తున్నా, అందుకు కారణాలు మాత్రం చాలామందికి తెలియవు. పింఛను మొత్తం, అర్హుల సంఖ్య.. ఈ రెండింటిపైనే మొత్తం లెక్క ఆధారపడి ఉంటుంది.

పదింతలైన మొత్తం

2014లో తెలంగాణ ఏర్పడే నాటికి వృద్ధాప్య పింఛను రూ.200, వికలాంగుల పింఛను రూ.500గా ఉండేవి. అదే ఏడాది నవంబరులో ప్రారంభమైన ‘ఆసరా’ పథకంతో అవి రూ.1,000, రూ.1,500 అయ్యాయి. 2019 జూన్ నుంచి రూ.2,016, రూ.3,016కు చేరాయి. వికలాంగులకు 2023లో మరో వెయ్యి పెంచి రూ.4,016 చేశారు. ఒక మండలంలో వెయ్యి మంది వృద్ధులు ఉన్నారనుకుంటే, నెలకు రూ.2 లక్షలు సరిపోయిన చోట 2019 తర్వాత రూ.20.16 లక్షలు అవసరమయ్యాయి. ఒక్కరు కూడా కొత్తగా చేరకపోయినా వ్యయం పదింతలైందన్న మాట.

కేంద్రం వాటా స్వల్పమే

1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద కేంద్రం కూడా కొంత ఇస్తోంది. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న 60-79 ఏళ్ల వృద్ధులకు రూ.200, ఎనభై దాటిన వారికి రూ.500 చొప్పున కేంద్రం వాటాగా నిర్ణయించారు. అది కూడా రాష్ట్రానికి ఇంతమంది అన్న పరిమితికి లోబడే. మిగిలిన భారమంతా రాష్ట్ర ఖజానాదే.

సంఖ్య పెరిగిందిలా..

బీడీ కార్మికులు, ఒంటరి మహిళలు, బోదకాలు బాధితులు, డయాలసిస్ రోగులు దశలవారీగా పథకంలో చేరారు. వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57 ఏళ్లకు తగ్గించడంతో 2022 ఆగస్టులో రాష్ట్రవ్యాప్తంగా సుమారు 10 లక్షల కొత్త పింఛన్లు మంజూరయ్యాయి. చేనేత, గీత కార్మికులకు 50 ఏళ్లకే అర్హత ఉండటం కొడకండ్ల వంటి నేత కేంద్రాలున్న జనగామ జిల్లాకు కీలకం. మానుకోట తండాల్లోను, భూపాలపల్లి అటవీ గ్రామాల్లోను పింఛను ఎంత అన్నదానితో పాటు అది చేతికందే చోటు ఎంత దూరమన్నదీ ముఖ్యమే.

భూపాలపల్లి లెక్కల్లో ఒక మెలిక ఉంది. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ జిల్లా నుంచి 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయింది. అంతకుముందు అంకెలను తర్వాతి వాటితో పోల్చి, పింఛన్లు కోసేశారనుకుంటే పొరపాటే.

కుటుంబానికి ఒక్కటే

మార్గదర్శకాల ప్రకారం ఒక కుటుంబంలో ఒకరికే వృద్ధాప్య పింఛను లభిస్తుంది. వికలాంగులకు ఈ నిబంధన వర్తించదు. మూడెకరాలకు మించి తరి లేదా ఏడున్నర ఎకరాలకు మించి మెట్ట ఉన్నవారు అనర్హులు. అసలు చిక్కంతా పింఛను తీసుకునే భర్త కన్నుమూసినప్పుడు వస్తోంది. ఆయన పేరు జాబితా నుంచి తొలగినా, భార్య పేరిట వితంతు పింఛను మంజూరయ్యే వరకు ఆ ఇంటికి ఆదరువు ఉండదు. మరణ ధ్రువపత్రం, ఆధార్ ప్రతులతో పంచాయతీ కార్యదర్శికి వెంటనే దరఖాస్తు చేసుకుంటే ఈ ఎడం తగ్గుతుంది.

మగ్గం, పార పట్టి అరిగిన వేళ్ల ముద్రలు యంత్రంపై పడకపోవడం మరో ఇబ్బంది. దీనికి పరిష్కారంగా 2025లో ముఖ గుర్తింపు విధానాన్ని ప్రవేశపెట్టారు.

పింఛను మొత్తాన్ని పెంచుతామని 2023 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ ‘చేయూత’ పేరిట రూ.4,000 హామీ ఇచ్చింది. పై లెక్కన వెయ్యి మందికి నెలకు రూ.40 లక్షలు కావాలి. పెంపుతో పాటు కొత్తగా అర్హులైన వారికి సకాలంలో మంజూరు కావడమూ అంతే అవసరం. పింఛను ఆగినవారు, అర్హత ఉండీ రానివారు మండల పరిషత్ లేదా పురపాలక కార్యాలయంలో సంప్రదించవచ్చు. అక్కడ పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోవడం మేలు.