కుక్కకు ఆయాసం వస్తే: గుండె మందులు చేసే పని

పదేళ్లు దాటిన పొమరేనియన్ రాత్రిళ్లు దగ్గుతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుంటాం. ఈ జాతిలో గాలిగొట్టం మెత్తబడినా అలాగే దగ్గుతుంది. కానీ కొన్నిసార్లు కారణం గుండె. తేడా తెలియాలంటే డాక్టరు స్టెతస్కోపు పెట్టి చూడాలి, ఛాతీ ఎక్స్‌రే తీయాలి.

చిన్న జాతి కుక్కల్లో వయసు మీద పడేకొద్దీ మైట్రల్ కవాటం (గుండె ఎడమ గదుల మధ్య రక్తం వెనక్కి రాకుండా మూసుకునే పొర) మందమై ముడుచుకుపోతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కొంత రక్తం వెనక్కి మళ్లుతుంది. డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో గుండె కండరమే బలహీనపడుతుంది. దారి ఏదైనా, ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తం ముందుకు సాగక అక్కడ ఒత్తిడి పెరుగుతుంది, నీరు ఊరుతుంది. ఇదే కంజెస్టివ్ హార్ట్ ఫెయిల్యూర్. అంటే గుండె ఆగిందని కాదు, పని అందుకోలేకపోతోందని. ఇదే సమయంలో, అందే రక్తం తగ్గిందని మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. దాంతో ఊపిరితిత్తుల్లో నీరు ఇంకా పెరుగుతుంది.

మందులన్నీ ఈ వరసను ఎక్కడో ఒకచోట తెంపేవే. మొదటిది ఫ్యూరోసెమైడ్. మనుషులకిచ్చే లాసిక్స్ ఇదే. మూత్రపిండాల చేత ఉప్పునూ నీటినీ బయటకు పంపిస్తుంది. ఎగశ్వాసతో ఉన్న కుక్కను ముందుగా గట్టెక్కించేది ఇదే. రెండోది పిమోబెండాన్. గుండె బిగువుగా ముడుచుకునేలా చేస్తుంది, రక్తనాళాలను వదులు చేస్తుంది. ఆహారానికి గంట ముందు, ఖాళీ కడుపున ఇస్తే బాగా ఒంటబడుతుంది. మూడోది ఎనలాప్రిల్ లేదా బెనజెప్రిల్, నాలుగోది స్పైరోనోలాక్టోన్. ఉప్పును దాచుకొమ్మని శరీరం పంపే హార్మోను సంకేతాలను ఈ రెండూ వేర్వేరు చోట్ల అడ్డుకుంటాయి.

వీటిలో పిమోబెండాన్ విలువను రెండు పరిశోధనలు తేల్చాయి. 2008 నాటి క్వెస్ట్‌లో, అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరిన కుక్కలు పిమోబెండాన్‌తో మధ్యస్థంగా 267 రోజులు నెట్టుకొచ్చాయి. బెనజెప్రిల్‌తో అది 140 రోజులే. 2016లో వచ్చిన ఎపిక్ ఇంకో అడుగు ముందుకు వేసింది. గుండె పెరిగినా ఇంకా నీరు చేరని 360 కుక్కలపై జరిగిన ఈ పరిశోధనలో, పిమోబెండాన్ ఆయాసాన్ని సుమారు 15 నెలలు వెనక్కి నెట్టింది. అందుకే దగ్గు, ఆయాసం రాకముందే గుండెలో మర్మర్ (కవాటం కారడం వల్ల వినిపించే అదనపు శబ్దం) వినిపించిందని డాక్టరు చెబితే, ఇప్పుడు బాగానే ఉంది కదా అని ఊరుకోకూడదు.

ఇక మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం సంగతి. ఫ్యూరోసెమైడ్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ మనుషుల మెడికల్ షాపుల్లో దొరికే మందులే. మార్కాపురంలోనైనా కంభంలోనైనా వీటికి పెద్ద వెతుకులాట ఉండదు. పిమోబెండాన్‌ను మాత్రం పెట్ మందుల దుకాణం నుంచి తెప్పించుకోవాలి. ముందే ఆర్డరు పెట్టుకోవడం మంచిది, మధ్యలో రోజులు తప్పితే జబ్బు తిరగబెట్టవచ్చు. అయితే షాపులో దొరికినంత మాత్రాన మోతాదు మనం వేసుకునేది కాదు. అది కుక్క బరువును బట్టి, జబ్బు దశను బట్టి మారుతుంది. మందులు మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరును చెప్పే కొలత), పొటాషియం చూడాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు అసలే ఇవ్వకూడదు. అవి కుక్క మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

గుండె స్కానింగ్ (ఎకో) కావాలంటే పెద్ద ఊరికి పోవాలి. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలలు తిరుపతి, ప్రొద్దుటూరు, గన్నవరంలలో ఉన్నాయి. గిద్దలూరు వాళ్లకు ప్రొద్దుటూరు దగ్గర. వసతి ఉందో లేదో ఫోనులో కనుక్కుని బయలుదేరండి. కానీ ఆయాసపడుతున్న కుక్కను ఎండలో బండెక్కించవద్దు. ముందు ఊళ్లోని పశువైద్యుడి చేత ఫ్యూరోసెమైడ్ ఇంజక్షన్ వేయించి, కుదుటపడ్డాకే తీసుకెళ్లాలి.

మన వేసవి ఈ జబ్బుకు గట్టి పరీక్ష. ఫ్యూరోసెమైడ్ వేసుకునే కుక్క ఎక్కువగా మూత్రం పోస్తుంది, ఎక్కువగా నీళ్లు తాగుతుంది. ఇల్లు పాడవుతోందని నీళ్ల గిన్నె తీసేస్తే ఒంట్లో నీరు ఇంకిపోయి మూత్రపిండాలు చెడతాయి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. తగ్గించాల్సింది ఉప్పు. ఊరగాయ కలిపిన అన్నం, ఎండుచేప, అప్పడం పెట్టకండి.

ఎండకు ఏ కుక్కైనా నాలుక చాచి రొప్పుతుంది. కాబట్టి శ్వాసను పగటి వేడిలో లెక్కపెట్టి లాభం లేదు. చల్లబడ్డాక, అది గాఢంగా నిద్రపోతున్నప్పుడు చూడాలి. ఛాతీ పైకి లేచి కిందికి దిగితే ఒక శ్వాస. నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజూ ఆ అంకెను క్యాలెండరు మీద రాయండి. 30 దాటి అక్కడే నిలిచిందంటే నీరు మళ్లీ చేరుతోందని అర్థం. ఆ రోజే డాక్టరుకు ఫోను చేసి వారం రోజుల అంకెలు చదివి వినిపిస్తే, మోతాదు పెంచాలో, వెంటనే తీసుకురమ్మనాలో ఆయన తేల్చుకోగలుగుతారు.