ముందు పొగ చూడండి

2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆయిల్ ఇంజన్లు చాలావరకు మూలన పడ్డాయి. కానీ కనెక్షన్ లేని కౌలు రైతుకు అదే దిక్కు. అది ఆగిన నాడు కూలికొచ్చిన వాళ్లు కూడా ఉత్త చేతులతో మర్లిపోతరు. కనకమామిడి తట్టున కూరగాయల మళ్ల కాడ మేము వినేది ఒకటే మాట: "అన్నా, ఇంజన్ గుంజుతలేదు."

మెకానిక్ వచ్చీ రాంగనే "రింగులు పోయినయ్" అంటడు. అప్పు అక్కడ మొదలవుతుంది. అంతకన్నా ముందు పొగ చూడండి. నీలిపొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతోంది, రింగుల మాట అప్పుడు నమ్మొచ్చు. నల్లపొగైతే డీజిలు సరిగా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుందేమో, నాజిల్ చెడిందేమో, మోయలేని భారం పడిందేమో. తెల్లపొగ పొద్దున కాసేపు వస్తే భయం లేదు. వేడెక్కినా పోకపోతే డీజిల్లో నీళ్లు కలిశాయా అని చూడాలె.

పొగ మామూలుగా ఉండి నీళ్లు తగ్గితే? బెల్టు జారుతుందేమో, ఫుట్‌వాల్వు కారుతుందేమో. అదీ కాకుంటే బావిలోకి తొంగి చూడండి. పైన పెట్టిన పంపు ఎంత మంచిదైనా 7, 8 మీటర్ల కన్నా కిందినుంచి పీల్చలేదు. ఎండాకాలం నీళ్లు దిగితే ఇంజన్ విప్పి లాభమేంది? పంపునే కిందికి దించాలె.

ఇంజన్ ఎగిసెగిసి ఆగితే డీజిలు పైపులో గాలి చేరి ఉంటుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా డీజిలు కారనివ్వండి. నాజిల్ ధారకు మాత్రం చెయ్యి అడ్డం పెట్టొద్దు. అది చర్మం చీల్చి లోపలికి పోతుంది. కూలికి ఇంజన్ తిప్పే తమ్ముళ్లకు ఈ మాట ముందే చెప్పండి.