సర్కారు దవాఖాన మనదెట్ల అయితది?



ఆరోగ్యమే మహాభాగ్యము అని మన భోజనశాల గోడ మీద రాసి ఉన్నది. దాని కిందనే కూర్చుండి రోజూ తింటాము. ఆ భాగ్యము ఎవరు తెచ్చి ఇవ్వాలి అనేది మాత్రం ఆ గోడ మీద లేదు. ఈ నెల గోడపత్రికకు సైన్సు మేడమ్ “ప్రజారోగ్యము - ప్రజల పాత్ర” అనే అంశము నాకు ఇచ్చారు. మా ఇంట్లో నాకన్నా ముందు బడికి పోయినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఇంటివాళ్లను అడిగి రాయడానికి వీలు కాలేదు. మేడమ్ చెప్పినవి, దసరా సెలవులలో మా గూడెంలో నేను అడిగి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

ముందుగా లెక్క చెప్తాను. మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక సబ్ సెంటరు ఉండాలి. కొండలు, అడవులు ఉన్న మన ప్రాంతంలో 3,000 మందికే ఒకటి ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము (పీహెచ్‌సీ) అక్కడ 30,000 మందికి, ఇక్కడ 20,000 మందికి ఒకటి. మనకు ఎక్కువ ఇచ్చినట్టే కనిపిస్తుంది. కానీ ఆ 3,000 మంది ఎన్ని గూడేలలో ఉన్నారు, మధ్యల ఎన్ని వాగులు ఉన్నాయి అనేది లెక్కలో రాదు. మా సబ్ సెంటరుకు వానకాలంలో రెండు వాగులు దాటాలి. ఈ సంగతి కాగితం రాసినవాళ్లకు తెలియదు. మా నాయనమ్మకు తెలుసు. ఏ వాన పడితే ఏ వాగు ఎంతసేపటికి దిగుతుందో కూడా ఆమె చెప్తుంది. ఆమెకు తెలుగు రాదు, గోండి మాత్రమే వస్తుంది. అందుకే ఆమెను ఎవరూ అడగలేదు.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. ఆశా కార్యకర్తలు అప్పుడే వచ్చారు. ఊరికి ఒక ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ ఉండాలని కూడా అప్పుడే పెట్టారు. అందులో పంచాయతీ మెంబర్లు, ఆశ, అంగన్‌వాడీ టీచరు, సంఘం ఆడవాళ్లు ఉండాలి. సగం మంది ఆడవాళ్లే ఉండాలి. పేదవాళ్లకు, దూరం వాడలవాళ్లకు కూడా చోటు ఇవ్వాలి. నెలకు ఒకసారి కూర్చోవాలి. సంవత్సరానికి 10,000 రూపాయల వరకు వస్తాయి. బావిల బ్లీచింగ్ వేయడానికి, మురుగు తీయడానికి, దిక్కులేని రోగిని దవాఖానకు తీసుకపోవడానికి ఆ పైసలు వాడవచ్చును. ఏది ముందు చేయాలో ఊరివాళ్లే చెప్పాలి.

ఇదంతా చదివి నేను సంతోషపడి, సెలవులలో మా గూడెంలో “కమిటీలో ఎవరెవరు ఉన్నారు?” అని అడిగాను. ఒకరు పింఛన్ల కమిటీ అన్నారు, ఒకరు బడి కమిటీ అన్నారు. చివరికి ఆశక్క దగ్గర రిజిస్టరు చూస్తే మా చిన్నాయన పేరు ఉన్నది! ఆ సంగతి నేను చెప్పేదాక ఆయనకు తెలియదు. “నేను ఎప్పుడు పోయిన్నే?” అని నవ్విండు. మాకు నవ్వు వచ్చింది కానీ నవ్వే సంగతి కాదు.

అయితే ఆశక్కను కూడా అడిగాను. “మీటింగు పెడితే ఎవరొస్తరు చెల్లె? పత్తి ఏరే దినాలల్ల కూలి వదిలి వస్తరా?” అన్నది. అది కూడా నిజమే. ఒక్క పూట కూలి పోతే ఆ రాత్రి కూరలో తేడా వస్తుంది. ఇంకొకటి ఏమంటే, కమిటీ రెవెన్యూ గ్రామానికి ఒకటి. దాని కింద నాలుగు గూడేలు ఉన్నా ఒకటే కమిటీ. మీటింగు పెద్ద ఊరిలోనే జరుగుతుంది. పేదవాళ్లు రావడం లేదు అంటే వాళ్లకు ఇష్టం లేదని అనుకోకూడదు. ఏ పూట పెట్టారు, ఎక్కడ పెట్టారు, ఏ భాషలో మాట్లాడారు అని ముందు చూడాలి.

ఇప్పుడు గడ్చిరోలి సంగతి చెప్తాను. నాకు అన్నిటికన్నా ఇదే నచ్చింది. ప్రాణహిత నది దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. అక్కడ కూడా మన గోండులే ఉన్నారు. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ అనే భార్యాభర్తలు అమెరికాలో చదువుకొని 1986లో అక్కడికి వచ్చారు. మీరు దవాఖానకు ఎందుకు రారు అని జనాన్ని అడిగారు. వాళ్లు ఏమన్నారంటే, మీ దవాఖానలో గోడలు తెలుపు, డాక్టర్ల బట్టలు తెలుపు, మేము చనిపోయినవాళ్లకు తెల్లబట్ట కప్పుతాము, మాకు భయం అయితది అన్నారు. రోగితో చుట్టాలు ఉండనీయరు అన్నారు. అందుకని గుడిసెల మాదిరిగా దవాఖాన కట్టారు. రోగితో పాటు ఇంటివాళ్లు ఉండవచ్చును. పేరు ఏమి పెట్టాలి అంటే జనమే దంతేశ్వరీ అమ్మవారి పేరు పెట్టమన్నారు. అదే పేరు పెట్టారు. ఏటేటా ఊళ్లవాళ్లను కూర్చోబెట్టి ఏ రోగం సంగతి ముందు చూడాలో అడుగుతారు.

పసిపిల్లలకు నిమోనియా వస్తే డొక్కలు ఎగురుతాయి, శ్వాస తొందరగా ఆడుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 శ్వాసలు, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 శ్వాసలు దాటితే ప్రమాదము. కానీ చదువు రాని మంత్రసాని 60 దాకా ఎట్లా లెక్కపెడుతుంది? దానికి వాళ్లు పూసల చట్రము చేశారు. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. నిమిషం అయిపోకముందే ఎర్ర పూస దాకా వస్తే నిమోనియా అన్నట్టు. పది దాకా లెక్క వస్తే చాలు. దీనిని నేను రెండు మూడు సార్లు మేడమ్‌తో చెప్పించుకున్నాను.

తరువాత 39 ఊళ్లలో కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లకు పని నేర్పారు. పుట్టిన బిడ్డను తూకం వేయడం, వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టించడం, జబ్బు గుర్తుపట్టడం, అవసరమైతే సూదిమందు ఇవ్వడం కూడా నేర్పారు. నెలలోపు పిల్లల చావులు 62 శాతం తగ్గాయి. 1999లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో అది అచ్చయింది. 2011 నుంచి మన దేశంలో ఆశాలు చేసే పని అక్కడి నుంచి వచ్చినదే. దవాఖానలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులలో ఆశ ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఈ రోజులు మీ ఇంట్లో చెప్పండి. రాకపోతే పిలవండి.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా చిన్నమ్మకు పుట్టిన బిడ్డ ఇరవై రెండో రోజున చనిపోయింది. పాలు తాగలేదు, డొక్కలు ఎగిరినవి. దేవారిని పిలిచారు. దవాఖానకు పోదామంటే వాగు నిండి ఉన్నది. పొద్దున్నే ఎవరైనా శ్వాస లెక్కపెట్టి ఉంటే, వాన రాకముందే బయలుదేరేవాళ్లము. మా ఇంట్లో అప్పుడు గడియారం ఉన్నది. లెక్కపెట్టాలని ఎవరికీ తెలియదు.

మన పక్కనే ఉన్న ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి “మితానిన్” అనే ఆడవాళ్లు ఉన్నారు. మితానిన్ అంటే స్నేహితురాలు. ఆమెను వాడవాళ్లే ఎన్నుకుంటారు. ఆశా పథకం పెట్టేటప్పుడు సర్కారు వాళ్లను కూడా చూసిందట.

ఒక సంగతి మాత్రం నాకు నచ్చదు. కొందరు పెద్దలు ప్రజల భాగస్వామ్యము అంటే శ్రమదానము అనుకుంటారు. పారలు పట్టుకొని మోరీలు తీయమంటారు, ఫోటో తీసుకొని పోతారు. మోరీ తీస్తాము. కానీ డాక్టరును, మందులను, బండిని సర్కారే ఇవ్వాలి. అవి ఇవ్వకుండా మీ ఆరోగ్యము మీ చేతిలోనే ఉన్నది అంటే ఎట్లా?

దసరా తరువాత మా చిన్నాయన మీటింగుకు పోయాడు. శనివారం మాకు అంగడి. అదే దినం పిల్లలకు టీకాలు వేస్తున్నారు. తల్లులందరూ అంగడికి పోతారు, రిజిస్టరులో “రాలేదు” అని పడుతుంది. టీకాలు బుధవారం వేయండి, పొద్దున ఏడు గంటలకు చేనుకు పోకముందే వేయండి అని ఆయన అడిగాడు. గోండిలోనే మాట్లాడాడట, ఆశక్క తెలుగులో చెప్పింది. నర్సమ్మ రాసుకున్నది, డాక్టరు గారిని అడిగి చెప్తాను అన్నది. ఇంకా జవాబు రాలేదు. మళ్లీ నెల మీటింగుకు పోయి అడగమని ఫోనులో చెప్పాను. ఈసారి రాయి సెంటర్ పెద్దలను కూడా తీసుకపొమ్మన్నాను. పెద్దల ముందట అడిగితే మరిచిపోరు.

మన హాస్టల్ సంగతి కూడా ఒకటి. సిక్ రూముకు ఐదో తరగతి పిల్లలు పోరు. జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకొని పడుకుంటారు. తెలుగు సరిగ్గా రాదు, ఎక్కడ నొప్పి అంటే చెప్పలేరు. గోండి, కోలామి వచ్చిన పెద్ద అక్కలు ఇద్దరు ప్రతి రోజు సాయంత్రం చదువు గంటకు ముందు వాళ్ల గదికి పోయి అడిగితే బాగుంటుంది. గోండికి నేను పోతాను. కోలామి వచ్చినవాళ్లు ఎవరైనా ఆదివారం లోపల నాకు పేరు ఇవ్వండి. వార్డెన్ మేడమ్ గారు అనుమతి ఇస్తే సోమవారం నుంచి మొదలుపెడతాము.

- తొమ్మిదవ తరగతి విద్యార్థిని