కదిలే బొమ్మల్లో కదలని బొమ్మ

జపాన్ టీవీలో అనిమేకి ఏడాదికి నాలుగు పంటలు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో పాత సిరీస్‌లు ముగిసి పదుల సంఖ్యలో కొత్తవి మొదలవుతాయి. 12, 13 వారాలు సాగే ఒక్కో విడతను అక్కడ ‘కూర్’ అంటారు. సీజన్ మొదటి వారంలో చర్చంతా హీరో రూపం, ఫైట్లు, గొంతులు, పాటల చుట్టూనే తిరుగుతుంది. వెనకున్న కొండనో మబ్బునో ఎవరైనా గమనించినా ‘సీనరీ బాగుంది’ అని ఊరుకుంటారు. నిజానికి తెర మీద ఎక్కువ చోటు ఆ సీనరీదే.

2023 శరదృతువు సీజన్‌లో వచ్చిన ‘ఫ్రీరెన్: బియాండ్ జర్నీస్ ఎండ్’ ఇందుకు మంచి ఉదాహరణ. మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన ఈ సిరీస్‌కి దర్శకుడు కెయిచిరో సైతో, ఆర్ట్ డైరెక్టర్ సవాకో తకాగి. సెప్టెంబరు 29 రాత్రి మొదటి నాలుగు ఎపిసోడ్లను కలిపి రెండు గంటల స్పెషల్‌గా వేశారు. మరుసటి మార్చి వరకు మొత్తం 28 వచ్చాయి. కథానాయిక ఫ్రీరెన్ వెయ్యేళ్లు దాటిన ఎల్ఫ్, అంటే దీర్ఘాయుష్షున్న కల్పిత జాతికి చెందినది. యాభై ఏళ్లకోసారి రాలే ఉల్కల్ని మళ్లీ కలిసి చూద్దామని మిత్రులతో అనుకుని వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి ఆ మిత్రుల్లో ఒకడైన హిమ్మెల్ ముసలివాడైపోయి ఉంటాడు, ఆమె మాత్రం వెళ్లినప్పటిలాగే ఉంటుంది. ఆమె ముఖాన ముడత పడదు కాబట్టి గడిచిన కాలాన్ని చూపే బరువు చుట్టూ ఉన్నవాటి మీద పడింది.

రెండో ఎపిసోడ్‌లో ఆ బరువు మోసేది ఒక విగ్రహం. ఒక ఊరి దగ్గర హిమ్మెల్ విగ్రహం పట్టించుకునే దిక్కులేక మాసిపోయి ఉంటుంది. దాన్ని శుభ్రం చేశాక, చుట్టూ నాటడానికి అతని సొంతూరి నీలిపూల కోసం ఫ్రీరెన్ ఎంతో కాలం వెతుకుతుంది. అవి చివరికి పాడుబడ్డ బురుజు పైన విరగబూసి కనిపిస్తాయి. అక్కడ సంభాషణ చాలా తక్కువ. సన్నివేశాన్ని నడిపేది నీలం రంగే.

ఇలాంటి బొమ్మ ఒక్కరి చేతిలో తయారవదు. ముందు స్టోరీబోర్డు, దాని ఆధారంగా ప్రతి షాట్‌కీ ‘లేఅవుట్’ అనే పెన్సిల్ బొమ్మ గీస్తారు. మనిషి ఎక్కడ నిలబడాలో, తలుపు ఎంత ఎత్తుండాలో తేలేది అక్కడే. 1974 నాటి ‘హైడీ’ సిరీస్‌లో ఈ పనంతా తర్వాత దర్శకుడిగా పేరుపొందిన హయావో మియజాకి చేతి మీదుగా సాగింది. ఆ కాగితం నకలు ఒకటి యానిమేటర్‌కి, ఒకటి బ్యాక్‌గ్రౌండ్ చిత్రకారుడికి వెళుతుంది. పాత్రకి గీత ఉంటుంది, లోపల చదునైన రంగు. వెనకున్న చెట్టుకి సాధారణంగా గీత ఉండదు, కుంచె జాడే ఆకారం. తీరు వేరైన ఈ రెండు బొమ్మలూ అతుకు తెలియకుండా ఒకే వెలుగులో కనిపించాలి. అందుకే ఆర్ట్ డైరెక్టర్ ముందుగా ముఖ్యమైన దృశ్యాలకు రంగుల నమూనా వేసిస్తారు. ఉదయం ఎలా ఉండాలి, వాన వెలిశాక ఎలా ఉండాలి అన్నది మిగతావారు దాన్ని చూసే తెలుసుకుంటారు.

కంప్యూటర్లు రాకముందు ఇదంతా కాగితం మీద పోస్టర్ కలర్ పని. ఆకాశం వేయాలంటే ముందు కాగితాన్ని నీళ్లతో తడిపి, ఆరేలోపు రంగులు ఒకదాంట్లోకి ఒకటి జారేలా వేసేవారు. కిటికీ చట్రాలు, కరెంటు తీగల్లాంటి తిన్నని గీతలకు గాడి ఉన్న స్కేలు వాడేవారు. ఒకే చేతిలో కుంచెనీ గాజుకడ్డీనీ జపాన్‌వారు భోజనానికి పుల్లలు పట్టినట్టు పట్టుకుంటారు. కడ్డీ కొన గాడిలో నడుస్తుంటే, పక్కనే కుంచె కాగితాన్ని తాకీతాకనట్టు సాగిపోతుంది. స్కేలుకి రంగంటదు, గీత వంకర పోదు.

ఈ కళలో ఇద్దరు ఉద్దండుల పని 1988 ఏప్రిల్ 16న ఒకే టికెట్టు మీద జనానికి దొరికింది. స్టూడియో ఘిబ్లీ ఆ రోజు రెండు సినిమాలు జంటగా విడుదల చేసింది. ‘మై నైబర్ టొటోరో’కి ఆర్ట్ డైరెక్టర్ అకితా ప్రాంతంలో పుట్టిన కజువో ఒగా. ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’కి నాగసాకి గోతో దీవులవాడైన నిజో యమమోతో. ఒకదాంట్లో టోక్యో చుట్టుపక్కల పల్లెల ఎర్రమట్టి దారులు, గట్ల మీద గడ్డి, మరోదాంట్లో బాంబులకు బూడిదైన కోబే నగరం. ఒగా పచ్చదనంలో ఏ మొక్కా ఊరికే పూసిన రంగులా ఉండదు, ఏ కాలంలో ఏది మొలుస్తుందో చూసి వేసినట్టుంటుంది. యమమోతో మబ్బులకైతే ఆయన పేరు మీదే ‘నిజో మబ్బులు’ అన్న పేరు పడింది. 2023లో ఆయన కన్నుమూశాడు.

2000ల నాటికి ఈ పని ఎక్కువగా కంప్యూటర్‌కి మారింది. దర్శకుడు మకోతో షింకాయ్ ఆ మార్పుని గట్టిగా వాడుకున్నాడు. టోక్యోలోని షింజుకు గ్యోయెన్ తోట నేపథ్యంగా 2013లో తీసిన ‘ది గార్డెన్ ఆఫ్ వర్డ్స్’ నిడివి 46 నిమిషాలే, అందులో ఎక్కువ భాగం వాన. చెట్ల మధ్య కూర్చున్నవాళ్ల చెంపల అంచున ఆకుపచ్చ నీడ కనిపిస్తుంది. అంటే బ్యాక్‌గ్రౌండ్ రంగు మనిషి మీదికి కూడా పాకింది. షింకాయ్ తళుకు అప్పుడప్పుడు శ్రుతి మించుతుంది, ప్రతి నీటిబొట్టూ మెరవాలా అనిపిస్తుంది. ఈ సినిమాలో మాత్రం అది కుదిరింది.

సినిమాకున్న వ్యవధి టీవీకి ఉండదు. ఒక్కో ఎపిసోడ్‌లో సుమారు మూడు వందల షాట్లు, వారం తిరిగేసరికి మరో ఎపిసోడ్. అందుకే తరగతి గది, వంటిల్లు లాంటివాటి బొమ్మల్ని దాచిపెట్టి మళ్లీ మళ్లీ వాడతారు. మొదటి ఎపిసోడ్‌లో వీధిలోని ప్రతి బోర్డూ చదవగలిగేలా ఉండి, తొమ్మిదో ఎపిసోడ్‌కి పాత్రల వెనక ఖాళీ ఆకాశమే మిగిలిందంటే గడువు తరుముకొస్తోందని అనుమానించవచ్చు.

2025 సెప్టెంబరులో తెలుగు డబ్బింగుతోనూ థియేటర్లకొచ్చిన ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ది ఇంకో దారి. ఉఫోటేబుల్ స్టూడియో కథ జరిగే కోటని కంప్యూటర్‌లో త్రీడీగా కట్టింది. తలకిందులైన గదులు, ఎటూ చేరని మెట్లు, చాపలు పరిచిన అంతస్తులు, వరసగా వెలిగే దీపాలు. కథానాయకుడు తన్‌జిరో వాటి మధ్యగా కిందికి పడుతుంటే కెమెరా కూడా వెంట దూకుతుంది. గోడలు జరుగుతాయి, నేల పక్కకి ఒరుగుతుంది. అన్నాళ్లూ కదలకుండా నిలబడ్డ బ్యాక్‌గ్రౌండ్ అక్కడ పాత్రలకంటే ఎక్కువ కదులుతుంది.