కట్టడము లేచునపుడు కొండ జారరాదు

మన కోరాపుట్, రాయగడ జిల్లాలలో కట్టడములు నానాటికి హెచ్చుచున్నవి. రహదారులు వెడల్పగుచున్నవి, ఇండ్లు కొండవాలుల మీదికి ప్రాకుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని కట్టడమనగా ఇటుక, సిమెంటు, ఇనుము మాత్రమే కాదు. తవ్విన మట్టిని కాపాడుటయు అందులో భాగమే. ఈ సంగతిని తలిదండ్రులకు విన్నవించుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కొండవాలును నిలువుగా కోసినచో పైమట్టికి ఆధారము పోవును. చెట్లు కొట్టినచో వేళ్ల పట్టు సడలును. కోరాపుట్ ప్రాంతమున ఏటికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురియును. అందులో అధికభాగము జూను మొదలు సెప్టెంబరు వరకే. ఆ వానకు వదులుమట్టి యెర్రనీరై గెడ్డలలోనికి దిగును. గెడ్డల వెంట గిరిజన రైతులు తరతరములుగా మెట్లుమెట్లుగా దిద్దుకొన్న ఝోలా మళ్లు గలవు. వాటిలో ఇసుక, గులకరాళ్లు మేట వేసినచో ఆ యేటి పంట పోయినట్లే.

నష్టము అంతటితో ఆగదు. గెడ్డ నదిలో కలియును. నది జలాశయమును చేరును. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో ప్రారంభమైనది. దానికి నీరిచ్చు జోలాపుట్ జలాశయము కొరకు ఎందరో తమ ఊళ్లను, పొలములను కోల్పోయిరి. అంతటి వెల చెల్లించి నిలుపుకొన్న నీటికి మారుగా పూడికను నింపుట న్యాయమగునా?

ఇందుకు నివారణ కష్టసాధ్యము కాదు. తవ్వకమును వేసవిలోనే ముగింపవలెను. సారవంతమైన పైమట్టిని వేరుగా కుప్పవేసి, పని ముగిసిన పిదప తిరిగి పరచవలెను. తవ్విన మట్టిని గెడ్డగట్టున పోయరాదు. వాలు పైభాగమున అడ్డుకాలువ తీసి, వాననీటిని ప్రక్కకు మళ్లింపవలెను. వాలునకు రాతిగోడ కట్టినచో, లోపలి నీరు కారుటకు రంధ్రములు విడువవలెను. లేనిచో నీటి ఒత్తిడికే గోడ కూలును. ఖాళీవాలున వట్టివేరు నాటినచో దాని లోతైన వేళ్లు మట్టిని పట్టి యుంచును.

ఈ పాఠమును మేము పుస్తకమునుండి మాత్రమే నేర్చుకొనలేదు. మన పాఠశాలకు రెండు గదులు కట్టించునపుడు పునాదిమట్టిని వెనుకవాలున పోయించితిమి. ఒక్కరాత్రి వానకు అది దిగువనున్న రైతు మడిలోనికి జారినది. ఆయన మమ్ము ఒక్కమాటయు అనలేదు. అదియే మాకు మిక్కిలి సిగ్గు కలిగించినది. ఉపాధ్యాయులము, పెద్దపిల్లలము కలిసి మూడు ఆదివారములు ఆ మట్టిని ఎత్తితిమి.

పెద్ద కట్టడముల విషయమున చట్టము మనకొక అవకాశమిచ్చినది. 2006 సెప్టెంబరు 14వ తేదీనాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ననుసరించి, పలు పెద్ద పథకములకు అనుమతికి ముందు పర్యావరణ ప్రభావమును అంచనా కట్టి, ప్రజల అభిప్రాయము వినవలెను. ఆ సభకు కనీసము 30 దినముల ముందు పత్రికలలో ప్రకటింపవలెను. నివేదిక సారాంశము ప్రాంతీయ భాషలోను ఉండవలెను. ఇచ్చట అది ఒడియాలో వచ్చును. మన పిల్లలు తెలుగుతోపాటు ఒడియాయు చదువుచున్నారు. వారిచేత చదివించుకొని, సభకు వెళ్లి, “తవ్విన మట్టిని ఎక్కడ పోయుదురు? కొట్టిన చెట్లకు బదులు ఎక్కడ నాటుదురు?” అని అడుగుడు.

రాబోవు వేసవిలో మన పాఠశాలకు మరొక గది కట్టదలచితిమి. ఈ పర్యాయము అంచనాలో కాలువకు, రాతిగోడకు అయ్యెడి వ్యయమును ముందే చేర్చితిమి. అందువలన చందా కొంత హెచ్చును. అది వృథావ్యయము కాదని, దిగువనున్న పొరుగువానికి మనము చెల్లింపవలసిన బాకీ యని తలిదండ్రులు గ్రహింతురని నమ్ముచున్నాము.