బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు ఇళ్లు: గరిక పచ్చిక, పుట్టినరోజు పందిరి, స్లీపరు బల్ల

రైల్వే ఉద్యోగి పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీ చేసే రోజున ఇంట్లో చేయించుకున్న బల్ల లారీ ఎక్కుతుంది. ఏళ్ల తరబడి నీళ్లు పోసి పెంచిన పచ్చిక మాత్రం తర్వాత వచ్చేవారికి మిగిలిపోతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త అనుభవం కాదు.

ఈ ఊరికి తెలుగువారిని తెచ్చింది రైలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్‌ను అసన్‌సోల్‌తో కలిపింది. బిలాస్‌పూర్ ఆ మార్గంలోనిదే. 1931లో విజయనగరం, పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ వరకు లైను పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకు ఛత్తీస్‌గఢ్ మైదానం దగ్గరైంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడ ఏర్పడింది. అయితే తెలుగు కుటుంబాల రాక అంతకు ఎన్నో దశాబ్దాల ముందే మొదలైంది.

గరిక ఎందుకు నిలుస్తుంది?

వేసవిలో 45 డిగ్రీల దరిదాపులకు చేరే ఎండను తట్టుకోవడం ఏ పచ్చికకైనా కష్టమే. ఇంటి ముందు జాగాలో గరికే సులువుగా బతుకుతుంది. వినాయక చవితి పూజకు కోసుకునేదీ, హిందీలో దూబ్ అని పిలిచేదీ ఇదే. నీరందనప్పుడు పైకి ఎండిపోయినట్లు కనిపించినా నేలలోని కాండం ప్రాణం నిలుపుకొని తొలి వానకు మళ్లీ చిగురిస్తుంది. నీడ మాత్రం దీనికి సరిపడదు. మామిడి చెట్టు కింద ఎంత శ్రద్ధ చూపినా నేల బోసిగానే ఉండిపోతుంది.

ఛత్తీస్‌గఢ్ రైతులు ఎర్రటి మొరప నేలను భాటా అనీ, బరువైన నల్లనేలను కన్హార్ అనీ పిలుస్తారు. భాటా నేలలో నీరు నిలవదు కాబట్టి పశువుల ఎరువు, కొంత నల్లమట్టి కలిపి నాటితే మేలు. ఒకేసారి మూడో వంతుకు మించి కోయకపోవడం, తెల్లవారుజామున తడపడం, తుంగను గడ్డతో సహా పీకడం చేస్తే మిగతా పని వాన చూసుకుంటుంది. తుంగను పైపైన తెంపితే అది రెట్టింపవుతుంది. ఈ సంగతి తెలియక ఏటా ఓడిపోయే ఇళ్లు చాలానే ఉన్నాయి.

స్లీపరు బల్లగా మారే తీరు

పట్టాల కింద కాంక్రీటు దిమ్మెలు రాకముందు ఉన్నవి కొయ్య స్లీపర్లు. బ్రాడ్‌గేజ్ స్లీపరు పొడవు 2.75 మీటర్లు, వెడల్పు 25 సెంటీమీటర్లు, మందం 13 సెంటీమీటర్లు. సాల్ కొయ్యదైతే ఒక్కొక్కటి 70 కిలోలకు పైనే తూగుతుంది. తెలుగులో గుగ్గిలం చెట్టు అనే ఈ సాల్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం. దాని చేవ సహజంగానే గట్టిది కాబట్టి చాలావరకు మందు పట్టించకుండా వాడేవారు. చిర్, దేవదారు స్లీపర్లకు మాత్రం తారు నుంచి తీసే క్రియోజోట్ పట్టించేవారు.

ఇంటి కోసం పాత కొయ్య కొనేవారు గమనించవలసింది ఈ తేడానే. క్రియోజోట్ వాసన, నల్లటి జిగురు ఉన్న చెక్కతో భోజనపు బల్ల గానీ పిల్లల మంచం గానీ చేయకూడదు. అది చర్మానికి, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. దాన్ని పొయ్యిలో కాల్చడం మరింత ప్రమాదకరం. కొయ్య ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ ముఖ్యమే. రైల్వే వేలంలో కొన్నదైతే రసీదు ఉంటుంది. లైను పక్కన పడి ఉన్నదాన్ని మోసుకు రావడం 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం ప్రకారం నేరం.

విరిగిన మేకు ముక్కలు రంపం పళ్లను తినేస్తాయి కనుక ముందుగా వాటిని ఊడదీస్తారు. ఆ తర్వాత చిత్రిక పడితే బూడిద రంగు పొర కింద ఎర్రటి చేవ బయటపడుతుంది. కాళ్లకు మేకులు కొట్టకుండా కుసి తొలిచి బిగించిన బల్ల రెండు తరాలు ఆగుతుంది. బరువు ఎక్కువ కావడంతో ఒకసారి పచ్చికలో వేసిన బల్లను కదపడానికి నలుగురు కావాలి.

పుట్టినరోజు ఏ రోజు?

పుట్టినరోజు విందు జరిగేది ఆ బల్ల చుట్టూనే. గార్డులకు, లోకో పైలట్లకు డ్యూటీ పండుగ చూసి రాదు. తండ్రి లైను మీద ఉంటే కేకు ఆగుతుంది. ఇలాంటప్పుడు తెలుగు ఇళ్లకు ఒక వెసులుబాటు ఉంది. తారీఖు దాటిపోయినా తిథో, జన్మనక్షత్రమో మిగిలి ఉంటుంది. తలంటు, హారతి ఆ రోజున కానిచ్చి, కేకును తండ్రి తిరిగి వచ్చిన సాయంత్రానికి పెట్టుకుంటారు. పులిహోర, పాయసం పక్కన పొరుగింటి ఛత్తీస్‌గఢీ అమ్మ పంపిన చీలాలు, బెంగాలీ ఇంటి మిఠాయి చేరుతాయి. పిల్లలు పాడేది హిందీలో, దీవించే అమ్మమ్మ మాట్లాడేది శ్రీకాకుళం యాసలో.

విరమణ తర్వాత క్వార్టరులో మామూలు అద్దెతో నాలుగు నెలలు ఉండవచ్చు. పిల్లల చదువు లేదా అనారోగ్యం కారణంగా అనుమతి దొరికితే, రెట్టింపు అద్దెతో మరో నాలుగు నెలలు ఉండవచ్చు. బల్ల ఎక్కడికి చేరాలో తేల్చుకోవలసింది ఈ గడువులోనే. ఊరిలోని అపార్ట్‌మెంటు లిఫ్టులో అది పట్టదు. దానితో పోలిస్తే గరికను తీసుకెళ్లడమే తేలిక. రెండు మూడు కణుపులున్న తీగలను తడి గోనెలో చుట్టి తెచ్చి ఆషాఢంలో నాటితే, వారం పది రోజుల్లో కణుపు కణుపుకూ వేరు దిగుతుంది.